ముప్పై నలుగురి మద్దతు

మా కంపెనీ మొత్తాన్ని, యజమాని మొదలుకొని కింద బట్టల కొట్టు గుమాస్తా దాకా, ఒక్క మధ్యాహ్నంలో బయటికి గెంటించిన ఘనత నాది. బట్టల కొట్టు గుమాస్తా కంపెనీ మనిషి ఎలా అవుతాడని మీరు అడగొచ్చు. అక్కడికే వస్తున్నాను. నేను రిటైరై రెండేళ్ళయింది. కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఓపెన్ సోర్స్‌లో కంపెనీలు ఎలా కలిసి పనిచేస్తాయో మీకు బాగా తెలుసట కదా అని అడుగుతుంటారు. తెలుసు. ఎక్కువగా తప్పులు చేసి తెలుసుకున్నాను. మంచిపేరు తెచ్చుకున్న సంగతులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఈ సంగతి రాస్తున్నాను.

మాది ఆంధ్రా సరిహద్దు దాటగానే వచ్చే కుంట వైపు ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, సంతలో దోర్లీ, గోండీ. ఈ నాలుగు భాషలే నాకు అన్నం పెట్టాయి. జగదల్‌పూర్‌లో టైపింగ్ నేర్చుకుని, రకరకాల ఆఫీసుల్లో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసి, చివరి పదమూడేళ్ళు అక్కడే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో గడిపాను. కోడ్ రాయడం నాకు అంతంతమాత్రం. ఊళ్ళలో పనిచేసేవాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వడం, వాళ్ళ ఫిర్యాదులు వినడం నా పని. వినడం కన్నా చెప్పడం ఎక్కువ చేసేవాణ్ణని మా ఇంట్లోవాళ్ళు అంటారు, అది వేరే సంగతి.

యజమాని గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన ఆంధ్రా కుర్రాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, నన్ను బాబాయ్‌గారూ అనేవాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. కోడ్ పనంతా చూసేది తోకపాల్ వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరమ్మాయి. ఇంట్లో హల్బీ, మాతో హిందీ. నన్ను కాకా అనేది. నేను మాట్లాడే పది మాటలకి ఆమె ఒక్కటి మాట్లాడేది, పని జరిగేది ఆ ఒక్క మాట వల్లే.

నెట్‌వర్క్ లేని ఊళ్ళలో ఫోన్లో ఫారాలు నింపి, సిగ్నల్ దొరికినచోట పంపే యాప్ మా సరుకు. మా సరుకు అన్నాను గానీ అది మేం పుట్టించింది కాదు. ఎన్నో దేశాలవాళ్ళు కలిసి రాసుకున్న ఓపెన్ సోర్స్ యాప్ అది. దాని కోడ్ అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. తప్పు కనిపిస్తే అక్కడే రాస్తారు, దిద్దిన కోడ్ కూడా అక్కడే ఇస్తారు, బాగుంటే అందరి కాపీలోనూ కలుపుతారు. మేం దాన్ని తీసుకుని మొదటి పేజీ మీద మా కంపెనీ గుర్తు, అడవిదున్న కొమ్ముల బొమ్మ, అతికించాం. మా ఫారాలు పెట్టాం, రంగులు మార్చాం. మూడేళ్ళు దాని మీదే బతికాం. ఆ మూడేళ్ళలో మేం తిరిగిచ్చింది ఒక్క అక్షరం కూడా లేదు. ఇవ్వాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. ఇంజనీరమ్మాయి మాత్రం ఆదివారాలు తన సొంత అకౌంటుతో అక్కడ చిన్న చిన్న తప్పులు దిద్దుతూ, కొత్తవాళ్ళ ప్రశ్నలకి జవాబులు రాస్తూ ఉండేదట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మేం అడగనూ లేదు.

ఒక ఉదయం ఆవపల్లి వైపు నుంచి ఒక నర్సమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఊళ్ళలో మలేరియా సర్వే నడిపే ఒక సంస్థలో ఆమె కాంట్రాక్టు మీద పనిచేసేది. ఆ సంస్థకి మా యాప్ ఇచ్చింది మేమే, ట్రైనింగ్ ఇచ్చింది నేనే. ముందురోజు బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చానని చెప్పి, కుర్చీ చూపించినా కూర్చోకుండా సంచీలోంచి ఒక కాగితం తీసింది. నోటీసు. సర్వేకి వెళ్ళకుండానే వెళ్ళానని అబద్ధం చెప్పినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలి. నాలుగు రోజులు అయిపోయాయి, పదకొండు మిగిలాయి.

జరిగింది ఇది. ఆమె నాలుగు రోజులు నడిచి ముప్పై తొమ్మిది ఇళ్ళు తిరిగింది. ప్రతి ఇంట్లో సూదితో వేలు గుచ్చి రక్తపరీక్ష చేసి, ఫారం నింపి, పరీక్ష పట్టీ ఫొటో తీసి సేవ్ చేసింది. ఆవపల్లి వచ్చి పంపుదామని చూస్తే ఫోన్లో ఒక్క ఫారం లేదు.

నేను అప్పుడు ఎలా ఉన్నానో దాచకుండా చెప్పాలి. నాకు విసుగొచ్చింది. సేవ్ బటన్ సరిగ్గా నొక్కి ఉండరమ్మా అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి నెమ్మదిగా అంది.

"ఏంది సార్, మీరు గూడ గట్లనే అంటరా. నాలుగు దినాలు నడిచిన కాళ్ళు నాయి. నా మాట ఎవలూ నమ్ముతలేరు, మీ ఫోన్ మాట నమ్ముతున్నరు."

మా ఊరి మాట అది. చాలారోజుల తర్వాత ఆఫీసులో విన్నాను. అయినా నా నోరు ఊరుకోలేదు. మరి పుస్తకంలో రాసుకోలేదా అని అడిగాను. మీరే కదా రాసుకోవద్దన్నారు, అంతా ఫోన్లోనే భద్రంగా ఉంటుందన్నారు అంది. నిజమే, అన్నాను. ఎంతో గొప్పగా అన్నాను.

ఇంజనీరమ్మాయి లేచి, నర్సమ్మ చేతికి ఫోనిచ్చి, అడవిలో ఎలా చేస్తారో ఇక్కడ అలాగే చేసి చూపించమంది. నర్సమ్మ నన్నే ఇంటిపెద్దని చేసి ఫారం నింపింది. ఫొటో తీసింది, సేవ్ నొక్కింది. వెంటనే, ఊపిరి తీసుకునేంత సేపైనా ఆగకుండా, ఫోన్ ఆపేసింది. మళ్ళీ ఆన్ చేసి చూస్తే ఫారం లేదు. రెండోసారి చేసినా లేదు. మూడోసారి ఇంజనీరమ్మాయి తనే చేసింది, అప్పుడూ లేదు.

ఎందుకలా ఆపేస్తున్నారని ఆమె అడిగితే నర్సమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ఊళ్ళలో ఛార్జింగ్ ఎక్కడ, నాలుగు రోజులు రావాలి కదా, నింపిన ఫారాలు మళ్ళీ తెరిచి చూసినా ఖర్చే అంది. తర్వాత నా వైపు చూపించి, "సేవ్ కొట్టంగనే బందు చేయాలని ఈ సారే చెప్పిండు ట్రైనింగ్‌ల" అంది.

చెప్పాను. ప్రతి ట్రైనింగ్‌లోనూ చెప్పాను. ఎవరూ అడక్కుండానే, నా సొంత తెలివితో, నేను కనిపెట్టిన చిట్కా అది. సేవ్ నొక్కగానే ఆపేయండమ్మా, బ్యాటరీ మిగులుతుంది అని వేలు ఆడిస్తూ చెప్పేవాణ్ణి. పాత ఫోన్లలో ఫారం ఒక్క క్షణంలో రాసుకునేది. కొత్తగా ఇచ్చిన చవక ఫోన్లలో ఫొటోతో కలిపి ఎనిమిది పది సెకన్లు పట్టేది. తెర మీద మాత్రం సేవ్ అయిందని ముందే వచ్చేసేది. ఈలోపు ఆపేస్తే సగం రాసిన ఫారం మిగిలేది, ఫోన్ మళ్ళీ ఆన్ చేయగానే యాప్ దాన్ని పాడైపోయిందని పారేసేది. తర్వాత తెలిసింది, మిగతా నర్సులకీ ఫారాలు పోయాయట. వాళ్ళు నా మాట పక్కన పెట్టి దొంగచాటుగా పుస్తకంలో రాసుకుని, తిరిగొచ్చాక మళ్ళీ నింపేవారట. నా మాట నమ్మినందుకు ఈమెకి నోటీసు వచ్చింది. నాకు అప్పుడు ఎంత సిగ్గేసిందో ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే వేస్తోంది.

సంస్థ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. కానీ ఇన్ని దేశాల్లో వాడే యాప్‌లో తప్పుంటే మా నర్సుకే ఎలా దొరికింది, మీ సరుకు మీరే వెనకేసుకొస్తే ఎలా నమ్మాలి, ఆ యాప్ రాసినవాళ్ళతో చెప్పించండి అప్పుడు చూద్దాం అన్నాడు. కోపమొచ్చింది గానీ ఆలోచిస్తే ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు.

ఇంజనీరమ్మాయి రెండు రోజుల్లో దాన్ని సరిచేసింది. ఒక్కో జవాబు నింపగానే యాప్ దాన్ని పక్కన రాసిపెట్టుకుంటుంది, మధ్యలో ఆగిపోయినా మళ్ళీ ఆన్ చేసినప్పుడు మిగిలినదాన్ని అతుకుతుంది. నలభై వరుసల కోడ్. దాన్ని అందరి కాపీలోకి పంపుదామని ఆమె అంటే యజమాని గతుక్కుమన్నాడు. మన యాప్ ఫారాలు పోగొడుతుందని మనమే ఊరంతా చాటితే రేపు మన దగ్గరికి ఎవరొస్తారండీ అన్నాడు. మన కాపీలో గుట్టుగా సరిచేసుకుని ఊరుకుందాం అన్నాడు.

నేను మా ఊరి విత్తనాల పండుగ సంగతి ఎత్తుకున్నాను. దుక్కికి ముందు ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి ఒకచోట పోస్తారు, కలిపి మళ్ళీ అందరికీ పంచుతారు, మూడేళ్ళుగా మనం పంచేటప్పుడు మాత్రమే వెళ్తున్నాం అన్నాను. బాగా చెప్పాననుకున్నాను. యజమాని ఓపిగ్గా విని, "నేను టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో పుట్టానండీ బాబాయ్‌గారూ, నాకు విత్తనాల సంగతి తెలీదు" అన్నాడు. ఇంజనీరమ్మాయి మాత్రం రెండే ముక్కలు చెప్పింది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మన మార్పులన్నీ మళ్ళీ అతకడానికి తనకి మూడు నెలలు పడుతోంది. నర్సు ఉద్యోగం పోతే ఆ తప్పు మనది. యజమాని సరే పంపండి అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇచ్చేదేదో ఒకేసారి ఇచ్చేద్దాం, మూడేళ్ళ మార్పులూ మొత్తం కలిపి పంపండి అని కూడా అన్నాడు. వద్దని ఆ అమ్మాయి అంటే నేనే సర్దిచెప్పాను. దాతలం అవుతున్నాం కదా, ధారాళంగా ఇద్దాం అనిపించింది నాకు.

ఆ యాప్ బాగోగులు చూసే మనిషి ఒకాయన ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు. ఎవరి మార్పు కలపాలో వద్దో చివరిమాట ఆయనది. మా ఊళ్ళో తగవులు తీర్చేవాళ్ళని పిలిచినట్టు నేనాయన్ని పెద్దమనిషి అనేవాణ్ణి. పెద్దమనిషి నాలుగు రోజులకి జవాబు రాశాడు. ఇన్ని వేల వరుసలు ఒకేసారి చదవడం తనవల్ల కాదు, ఒక్కో పనికి ఒక్కో చిన్న మార్పుగా విడదీసి పంపండి, ఫారాలు పోవడం తన ఫోన్లో ఎంత ప్రయత్నించినా జరగడం లేదు, ఏం చేస్తే పోతాయో రాయండి అన్నాడు. చివర్లో, ఈ కొమ్ములు ప్రపంచంలో అందరి ఫోన్లలోనూ కనిపించాలా అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. నోటీసు గడువుకి నాలుగు రోజులే ఉన్నాయి. ఇక్కడ ఒకామె ఉద్యోగం పోతుంటే ఆయన కొమ్ముల గురించి అడుగుతాడా అనుకున్నాను. ఇంజనీరమ్మాయి విడదీసే పనిలో పడింది. నేను ఖాళీగా కూర్చోలేక నా పద్ధతిలో నేను దిగాను.

మా వైపు ఒక అలవాటుంది. ఒక్కడు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకి వెళ్తే ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. బోరింగు చెడిపోయినా సరే, ఊరంతా ట్రాక్టరెక్కి వెళ్తారు. కాగితం కింద సంతకాలు, వేలిముద్రలు నిండిపోవాలి. చదివే సారు ముందు మందిని చూస్తాడు, ఆ తర్వాతే కాగితం చూస్తాడు. చిన్నప్పుడు మా నాన్న వెంట నేనూ అలా ఎన్నోసార్లు వెళ్ళాను, బోరింగు బాగయింది కూడా. అందుకని ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక కంపెనీలో అందర్నీ పిలిచాను. ఒక్కొక్కరి చేత అక్కడ అకౌంటు తెరిపించి, ఈ మార్పుకి మేం పూర్తి మద్దతు ఇస్తున్నాం, వెంటనే కలపండి అని రాయించాను. యజమాని కూడా ఉత్సాహంగా రాశాడు. మనుషులు చాలకపోతే కింద బట్టల కొట్టు నుంచి గుమాస్తాని, అతనితోపాటు దర్జీనీ పిలుచుకొచ్చాను. దర్జీ ఏం రాస్తున్నాడో అడక్కుండానే రాశాడు. లెక్క ముప్పై నాలుగు. ఇంజనీరమ్మాయి ఆ పూట బ్యాంకు పనిమీద బయటికెళ్ళింది, లేకపోతే నా చేతిలోంచి మౌస్ లాక్కునేది.

ఆమె తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. చర్చకి తాళం వేశారు. మా ఆఫీసు నుంచి వచ్చిన అకౌంట్లన్నీ ఆపేశారు. దొంగ ఖాతాలతో గుంపుగా వచ్చి ఒత్తిడి తెస్తున్నారని కింద ఒక వాక్యం ఉంది. ఆపేసిన అకౌంట్లలో ఆమెది కూడా ఉంది. రెండేళ్ళ ఆదివారాల పని అది.  ఆమె తెర వైపు చూసి, సంచీ భుజాన వేసుకుని, "ఆ పెద్దమనిషికి ఇది జీతం పని కాదు కాకా. స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పి ఇంటికొచ్చి ఈ పని చేస్తాడు" అని వెళ్ళిపోయింది.

 అంతవరకు నేనొక పెద్ద ఆఫీసునీ, మెట్లనీ, బయట బంట్రోతునీ ఊహించుకున్నాను. అక్కడున్నది ఒక బడిపంతులు. పాఠాలయ్యాక ఫోన్ తెరిస్తే ముప్పై నలుగురు మీద పడి అరుస్తున్నారు. మా ఇంటికి ఎవరైనా అలా వస్తే నేనూ తలుపేసుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే ఆయన ఈమెయిలుకి ఉత్తరం రాశాను. నా ఇంగ్లీషు ఆఫీసు దరఖాస్తుల ఇంగ్లీషు, ఎవరికీ చూపించకుండా దాంట్లోనే రాశాను. మా వైపు కాగితంతో పాటు మందిని తీసుకెళ్ళే అలవాటుందనీ, అది మోసం కాదనీ, కానీ మీ ఇంటికి అలా రావడం తప్పేననీ రాశాను. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు, ఆమెది తెరవండి, నాది ఎప్పటికీ తెరవకపోయినా పరవాలేదు అని రాశాను. తర్వాత నర్సమ్మ సంగతి. ఛార్జింగ్ ఎందుకు దాచుకోవాలో, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ ఎంత నడకో, సేవ్ నొక్కిన వెంటనే ఫోన్ ఎలా ఆపుతుందో, మెట్టు మెట్టుగా రాశాను. అలా ఆపమని చెప్పిన వెధవని నేనే అని కూడా రాశాను. వెధవ అనే మాటకి సరైన ఇంగ్లీషు దొరక్క ట్రైనర్ అని రాశాను.

ఆ సాయంత్రానికే జవాబొచ్చింది. మీరు చెప్పినట్టు సేవ్ నొక్కగానే ఆపేశాను, ఫారం పోయింది, ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ పోయింది అని రాశాడు. ఇన్నేళ్ళలో మాలో ఎవరూ సేవ్ చేశాక ఫోన్ ఆపలేదు, ఆపాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు, ఇది యాప్ తప్పు, మీ నర్సుది కాదు అన్నాడు. అదే మాట అందరికీ కనిపించేచోట కూడా పెట్టాడు. కాసేపటికి ఎక్కడో కొండల్లో పనిచేసే ఇంకొకరు మా ఫారాలు కూడా ఇలాగే పోయేవి, మా మనుషులనే తిట్టాం అని దాని కింద రాశారు. ఇంజనీరమ్మాయి అకౌంటు తెరిచారు. ఆమె నలభై వరుసలు మాత్రం పంపింది. కొమ్ములు మా దగ్గరే ఉండిపోయాయి.

గడువు చివరి రోజున ఆ పేజీని ప్రింటు తీసి, దాని హిందీ అనువాదం జతచేసి, తెల్లవారగానే బస్సెక్కి, ఆవపల్లికి దగ్గర్లో ఉన్న బీజాపూర్‌లో సంస్థ ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి ఒక్కణ్ణే వెళ్ళాను, బుద్ధొచ్చింది కాబట్టి. గేటు దాటి లోపలికి వెళ్ళి చూస్తే సైకిళ్ళ షెడ్డు కింద నలభై మంది దాకా కూర్చుని ఉన్నారు. ముసలివాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు, బయట రెండు ట్రాక్టర్లు. నర్సమ్మ వాళ్ళ మధ్య బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే దగ్గరికొచ్చి, "నేను తేలేదన్నా, ఒట్టు. వాళ్ళే వచ్చిండ్రు" అంది. ఈ మధ్య ఫోన్లో మా ఊరి మాటల్లో మాట్లాడుకోవడం మొదలైనప్పటి నుంచి ఆమె నోట సారు అన్నగా మారాడు.

ఇన్‌ఛార్జి బయటికొచ్చి ఇంతమంది ఎందుకని హిందీలో అడిగాడు. ముందు వరుసలో ఒక ముసలమ్మ లేచి వచ్చి ఆయన ముందు చెయ్యి చాపి దోర్లీలో ఏదో అంది. నన్ను తర్జుమా చేయమన్నారు. నా వేలు గుచ్చింది ఈ పిల్లే, నెప్పెడితే మాటల్లో పెట్టి రక్తం తీసింది, మా ఇంటికి రాలేదని రాసిందెవరు, వాళ్ళని ఒకసారి మా ఊరికి నడిచి రమ్మనండి, అని ఆవిడ మాట. చివరి ముక్క కాస్త మెత్తగా తర్జుమా చేశాను. ఆయనకి అర్థమైనట్టే ఉంది, నవ్వాడు.

లోపలికెళ్ళాక కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. ఫోన్ వెంటనే ఆపమని చెప్పింది నేనే, కావాలంటే నా మీద రాసుకోండి అన్నాను. అది కూడా రాసివ్వమన్నాడు, రాసిచ్చాను. నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడికక్కడే కాగితం టైపు చేయించి నర్సమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. బయటికొచ్చాక షెడ్డు కింద వాళ్ళకి వినిపించింది. వాళ్ళు అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. సరే పోదాం పదండి అన్నట్టు లేచి ట్రాక్టర్లెక్కారు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అంత సంతోషం నాకు ఉద్యోగంలో మరే రోజూ కలగలేదు.

నా కాగితం పనిచేసిందా, వాళ్ళ మంది పనిచేసిందా అని తిరుగు బస్సులో, సగం దారిలో ఉన్న గీదం దాకా ఆలోచించాను. తేలలేదు. ఒకటి మాత్రం తెలిసింది. నేను పోగేసిన ముప్పై నలుగురిలో ఒక్కరి ఫారమైనా పోలేదు. ఈ నలభై మందిలో ప్రతి ఒక్కరి వేలికీ సూది గుచ్చిన గుర్తుంది. పెద్దమనిషి మందిని చూసి తలుపేయలేదు, ఆ పనితో ఏ సంబంధమూ లేని మందిని చూసి వేశాడు. కంపెనీల్లో చేరబోయే పిల్లలు మీరు, ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ మీ కంపెనీ ఎంత పెద్దదో ఎవరూ అడగరు. ఏం పోగొట్టుకున్నారు, ఏం చేసి చూశారు, రేపు కూడా ఉంటారా అని అడుగుతారు.

రేపు కూడా ఉంటారా అని మమ్మల్నీ అడిగారు. మీ నలభై వరుసలు కలుపుతాం, కానీ ఆ భాగంలో రేపు తప్పొస్తే చూసేదెవరు అని పెద్దమనిషి రాశాడు. యజమాని రెండు రోజులు తటపటాయించి, గురువారం మధ్యాహ్నాలు కంపెనీ పని ఆపి ఆ పని చూస్తామని ఒప్పుకున్నాడు. నేను రిటైరయ్యేదాకా అది సాగింది, ఇప్పుడూ సాగుతోంది. ఇంజనీరమ్మాయి వేరేవాళ్ళ మార్పులు చదివి మంచిచెడ్డలు చెప్పేది. మొదట్లో ఇదంతా దండగ పని అనుకున్న యజమాని, తర్వాత కొత్త వెర్షన్‌కి మూడు నెలల అతుకులు మూడు రోజులకి దిగాక, ఆ ఆలోచన మొదట తనదేనని అందరికీ చెప్పుకునేవాడు. మేం కాదనలేదు.

నాకు దొరికిన పని చిత్రమైనది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ రకరకాల చవక ఫోన్లు ముందేసుకుని, ఫారం నింపి, సేవ్ నొక్కి, వెంటనే ఆపేయడం. మళ్ళీ ఆన్ చేసి చూడడం. వందలసార్లు చేశాను. ఫలితాలు నేను చెబితే ఇంజనీరమ్మాయి రాసేది, ఎందుకంటే నా అకౌంటు ఇంకా మూసే ఉంది. తెరవమని నేను అడగలేదు. ఆరు నెలల తర్వాత పెద్దమనిషే ఆమెకి రాశాడు, ముప్పై నలుగురు స్నేహితులున్న ఆ పెద్దాయన ఇప్పుడు ఒక్కడే వస్తానంటే తలుపు తెరుస్తాను అని. వెళ్ళాను, ఒక్కణ్ణే. దర్జీ ఇప్పటికీ వీధిలో కనిపించినప్పుడల్లా మన మార్పు కలిపారా అని అడుగుతుంటాడు.

పోయిన నెల నర్సమ్మ ఏదో పనిమీద జగదల్‌పూర్ వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడామె కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇస్తోంది, నా పని అన్నమాట. టీ తాగుతూ ఆ కబురూ ఈ కబురూ చెప్పి, ఉన్నట్టుండి సంచీలోంచి ఫోన్ తీసింది. ఇంటిపెద్ద ఎవరు, ఇంట్లో ఎంతమంది, ఎవరికైనా జ్వరమా అని వరసగా అడిగింది. లేదన్నా వినకుండా నా వేలు గుచ్చి పట్టీ మీద రక్తపు చుక్క వేసి, కాసేపాగి ఫొటో తీసింది. సేవ్ నొక్కి వెంటనే ఫోన్ ఆపేసి నా చేతిలో పెట్టింది.

"పెట్టి చూడే అన్నా."

ఫోన్ ఆన్ చేసి యాప్ తెరిచాను. కొమ్ముల బొమ్మ వచ్చింది, దాని వెనకే ఫారం వచ్చింది. పేరు, వయసు, ఊరు, ఫొటో, ఒక్కటీ పోలేదు. అన్నిటికంటే కింద ఆ ఫారంలో ఎప్పుడూ ఉండే ప్రశ్న. ఈ ఇంటికి స్వయంగా వెళ్ళారా? అవును.